అమ్మాయి మోకాలు, కాఫీ పిప్పి: రెండింటినీ ఒకే లెక్కలో వేయకండి

అనంతపురం జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు కాబట్టి విషయం వరకే చెప్తాను. ఆమె, భర్త కలిసి బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతున్నారు. ఇడ్లీ, దోసెల కన్నా వాళ్ల కాఫీకే పేరు, రోజుకు మూడు కిలోల పొడి అవుతుందట. పెద్దమ్మాయికి పదిహేనేళ్లు, పదో తరగతి చదువుతోంది. చిన్నప్పటి నుంచి ఫుట్‌బాల్ ఆడుతోంది, జిల్లా జట్టులో ఉంది. మూడు నెలల కిందట ఒక మ్యాచ్‌లో బంతి వెంట పరిగెత్తుతూ ఒక్కసారిగా పక్కకు తిరగబోయి పడిపోయింది. ఎవరూ తగల్లేదు, ఎవరూ తన్నలేదు. మోకాల్లో ఏదో తెగిన శబ్దం తనకే వినపడిందని చెప్పింది, సాయంత్రానికల్లా మోకాలు వాచిపోయింది. మొదట నాటు కట్టు కట్టించారు. నెల దాటినా మెట్లు దిగేటప్పుడు కాలు పట్టు తప్పుతోందని ఏడిస్తే అప్పుడు ఎంఆర్ఐ తీయించారు. ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే పట్టీలాంటి లిగమెంట్) పూర్తిగా తెగింది, మెనిస్కస్ (ఎముకల మధ్య ఉండే మెత్తటి భాగం) కూడా చిరిగింది అని రిపోర్టు వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్‌కు లక్షా అరవై వేలు అవుతుందన్నారు.

ఇక ఇంట్లో తలో మాట. "ఆడపిల్ల మోకాలికి కుట్లు పడితే రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి, నడుస్తోంది కదా, ఆట మాన్పించండి చాలు" అని వాళ్ల బావగారు. "నీ క్యాప్ (మోకాలికి తొడిగే సాగే పట్టీ) వేసుకుని ఆడొచ్చు, ఆరు వారాల్లో సెలెక్షన్స్, ఈ ఛాన్స్ పోతే మళ్లీ రాదు" అని కోచ్ సార్. "ఆడనివ్వకపోతే చదవను" అని అమ్మాయి. భర్త ఏమీ తేల్చడం లేదు. ఈలోగా ఈమె ఫోన్‌లో ఒక వీడియో చూశారు, కాఫీ పిప్పితో సబ్బులు, స్క్రబ్బులు చేసి నెలకు వేలల్లో సంపాదించవచ్చని. ఒక కంపెనీ 65 వేలకు మిషన్ ఇస్తుందట, చేసిన సరుకంతా తిరిగి వాళ్లే కొంటారట. చేతిలో చీటీ పాడిన 70 వేలు ఉన్నాయి. "ఆ డబ్బు మిషన్‌కు పెడితే ఏడాదిలో ఆపరేషన్ డబ్బు చేతికొస్తుంది, అమ్మాయి కూడా ఊరికే కూర్చోకుండా సాయంత్రాలు సబ్బులు చేస్తూ ఉంటే మనసు మళ్లుతుంది, నా ఆలోచన సరైనదేనా అక్కా?" అని అడిగారు.

మీరు అడిగింది వ్యాపారం గురించే, కానీ నేను ముందు మోకాలి గురించి మాట్లాడాలి. మోకాలు ఏడాది పాటు ఆగుతుంది అన్న నమ్మకం మీదే మీ లెక్క మొత్తం నడుస్తోంది. ఆ నమ్మకమే నాకు భయంగా ఉంది.

ఏసీఎల్ అనేది మోకాలి లోపల తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ పట్టి ఉంచే లిగమెంట్. కింది ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలి తిరగకుండా ఆపేది అదే. తిన్నగా నడవడానికి దాని అవసరం పెద్దగా ఉండదు, అందుకే వాపు తగ్గాక మీ అమ్మాయి మామూలుగా నడుస్తోంది. చూసేవాళ్లకు "బాగైపోయింది కదా" అనిపిస్తుంది, మీ బావగారిని ఆ విషయంలో నేను తప్పు పట్టను. అయితే నడకకూ ఆటకూ చాలా తేడా ఉంది. పరిగెత్తుతూ ఆగినప్పుడు, తిరిగినప్పుడు, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు ఆ లిగమెంట్ లేని మోకాలు పట్టు తప్పుతుంది. అలా తప్పిన ప్రతిసారీ మధ్యలో ఉండే మెనిస్కస్ నలిగి ఇంకా చిరుగుతుంది. ఇది రెండు ఎముకల మధ్య బరువును మోసే మెత్తటి భాగం, దానికి రక్తప్రసరణ తక్కువ, బాగా చిరిగిపోతే కత్తిరించి తీసేయడం తప్ప దారి ఉండదు, తీసేసింది మళ్లీ పెరగదు. ముప్పై, ముప్పై అయిదేళ్లకే మోకాలు అరిగి బాధపడేవాళ్లలో ఇలాంటి పాత దెబ్బలున్న వాళ్లు చాలామంది ఉంటారు. మెట్లు దిగుతుంటే కాలు పట్టు తప్పుతోందని మీ అమ్మాయి చెప్పిన మాటను ఇంట్లో అందరికన్నా మీరు సీరియస్‌గా తీసుకోవాలి.

ఇంకో మాట. ఎవరూ తగలకుండా పడిపోయింది, సరిగ్గా ఆడలేదేమో, మనమే సరిగ్గా తిండి పెట్టలేదేమో అని ఉత్తరంలో రెండు చోట్ల రాశారు. ఏసీఎల్ తెగడాల్లో ఎక్కువ భాగం ఇలా ఎవరూ తగలకుండానే జరుగుతాయి. ఒకే ఆట ఆడే మగపిల్లలతో పోలిస్తే ఆడపిల్లలకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇందులో ఆ పిల్ల తప్పూ లేదు, మీ తప్పూ లేదు.

ఇప్పుడు మీ ముందు నిజంగా ఉన్న దారులేమిటో చూద్దాం.

కోచ్ సార్ చెప్పినట్టు నీ క్యాప్ వేసుకుని సెలెక్షన్స్‌కు వెళ్లడం ఒకటి. దీని గురించి మెత్తగా చెప్పలేను. లోపల తెగిన లిగమెంట్ చేయాల్సిన పనిని మోకాలికి తొడిగే ఆ సాగే గుడ్డ చేయదు, దాని వల్ల కాదు. ఆ రోజు అదృష్టం బాగుండి ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ కాలు ఒక్కసారి పట్టు తప్పితే, ఈ రోజు కుట్టు వేసి కాపాడగలిగిన మెనిస్కస్ రేపు తీసేయాల్సిన మెనిస్కస్ అవుతుంది. ఒక సెలెక్షన్ పోతే వచ్చే ఏడాది ఇంకోటి ఉంటుంది. కోచ్ సార్ చెడ్డవారని నేననడం లేదు, పిల్ల మీద ఆశతోనే అన్నారేమో, కానీ మోకాలి మీద నిర్ణయం ఆయనది కాదు. ఎంఆర్ఐ రిపోర్టు జిరాక్స్ తీసి ఆయన చేతిలో పెట్టండి, "డాక్టర్ సరే అని రాసిచ్చేదాకా ఆడించం సార్" అని ఒక్క మాట చెప్పండి. మీకు మొహమాటంగా ఉంటే మీ ఆయన్ను పంపండి, ఈ ఒక్క పనైనా ఆయన భుజాన వేయండి.

రెండోది, ఇప్పటికి ఆపరేషన్ లేకుండా ఫిజియోథెరపీ గట్టిగా చేయించి, పరుగు, గెంతులు, పక్కకు తిరిగే ఆటలు పూర్తిగా ఆపడం. పెద్దవాళ్లలో కొందరు ఇలాగే ఏళ్ల తరబడి హాయిగా బతికేస్తారు. కానీ పదిహేనేళ్ల పిల్లలో, పైగా మెనిస్కస్ కూడా చిరిగి కాలు పట్టు తప్పుతున్నప్పుడు, దీన్ని శాశ్వతమైన దారిగా ఎంచుకోమని చెప్పే డాక్టర్లు తక్కువ. ఆట మాన్పించేస్తే చాలు అనుకుంటే అదీ సరిపోదు, పిల్ల రోడ్డు దాటుతుంది, బస్సు దిగుతుంది, స్నేహితురాళ్లతో గెంతుతుంది. అయితే కొన్ని నెలల కోసం ఇది పనికొచ్చే దారే. పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతుంటే అవి అయ్యాక ఆపరేషన్ పెట్టుకోవచ్చా అని డాక్టర్‌ని సూటిగా అడగండి. మెనిస్కస్ ముక్క మధ్యలో ఇరుక్కుని మోకాలు పూర్తిగా చాపలేకపోతే మాత్రం ఆగకూడదు. అది లేకపోతే ఎంతకాలం ఆగవచ్చో ఆయనే చెప్పాలి. ఆ ఆగిన రోజులు కూడా వృథా కావు, వాపు పూర్తిగా తగ్గి, కాలు తిన్నగా చాపగలిగి, తొడ కండరం బలపడ్డాక ఆపరేషన్ చేస్తే తర్వాత కోలుకోవడం తేలిక.

మూడోది వీలైనంత త్వరగా ఆపరేషన్. శరీరంలోనే వేరే చోటి నుంచి, ఎక్కువగా తొడ వెనక నుంచో మోకాలి చిప్ప కింద నుంచో, నరంలాంటి భాగాన్ని తీసి కొత్త లిగమెంట్‌గా అమరుస్తారు. మీ బావగారి భయం గురించి చెప్పాలంటే, ఇది కీహోల్ ఆపరేషన్, రెండు చిన్న గాట్లు, ఆ భాగాన్ని తీసినచోట కాస్త పొడుగు గాటు ఉంటాయి, అంతే. మోకాలి మీద చిన్న మచ్చ ఉన్న అమ్మాయికీ, ముప్పై ఏళ్లకు కింద కూర్చుని లేవలేని అమ్మాయికీ మధ్య తేడా ఏమిటో ఆయనకు మీరు కాకుండా డాక్టర్ చెప్తే వింటారేమో, వచ్చేసారి ఆయన్నీ వెంట తీసుకెళ్లండి.

డాక్టర్‌ని అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లండి, అక్కడికి వెళ్లాక టెన్షన్‌లో సగం మర్చిపోతాం. ఎముక పెరిగే భాగాలు ఇంకా తెరిచే ఉన్నాయా, మూసుకున్నాయా? ఆడపిల్లల్లో మామూలుగా పద్నాలుగు, పదిహేనేళ్లకు మూసుకుంటాయి, తెరిచి ఉంటే ఆపరేషన్ చేసే పద్ధతి మారుతుంది. మెనిస్కస్‌ను కుట్టగలరా, తీసేయాలా? ఇలాంటి వయసు పిల్లలకు ఏడాదిలో ఎన్ని ఆపరేషన్లు చేస్తుంటారు? ఆ లక్షా అరవై వేలల్లో ఫిజియోథెరపీ ఉందా? ఈ చివరిది చాలా ముఖ్యం, ఎందుకంటే ఆపరేషన్ ఒక్క పూట పని, ఫిజియోథెరపీ తొమ్మిది నెలల పని, చాలా ఇళ్లలో డబ్బంతా మొదటిదానికే అయిపోయి రెండోది నెలన్నరకే ఆగిపోతుంది.

తొమ్మిది నెలలు అని ఊరికే అనలేదు. నార్వేలో జరిగిన ఒక పరిశోధన 2016లో అచ్చయింది. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల వరకు ఆటలోకి వెళ్లడం ఒక్కో నెల ఆలస్యం చేసినకొద్దీ మళ్లీ దెబ్బ తగిలే ప్రమాదం దాదాపు సగానికి సగం తగ్గుతూ వచ్చింది. పాతికేళ్లలోపు వాళ్లు మళ్లీ ఆటలోకి దిగితే సుమారు నలుగురిలో ఒకరికి ఆ మోకాలికో రెండో మోకాలికో ఏసీఎల్ మళ్లీ తెగుతోంది. అమ్మాయికి ఈ సంగతి దాచకండి, పదిహేనేళ్ల పిల్లకు అర్థమవుతుంది. దాంతోపాటు అలెక్సియా పుతెల్లాస్ సంగతి కూడా చెప్పండి, బహుశా తనకే తెలిసి ఉంటుంది. ఏటా ఉత్తమ ఫుట్‌బాలర్‌కు ఇచ్చే బాలన్ డి ఓర్ అవార్డు రెండుసార్లు గెలిచిన స్పెయిన్ ప్లేయర్, 2022 జులైలో యూరో టోర్నమెంట్‌కు ముందు ఏసీఎల్ తెగింది, మళ్లీ మైదానంలోకి దిగింది 2023 ఏప్రిల్ చివర్లో, ఆ ఆగస్టులో స్పెయిన్ ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉంది. అన్ని వసతులూ ఉన్న ఆమెకే దాదాపు పది నెలలు పట్టింది. ఆరు వారాల్లో సెలెక్షన్స్ అన్న మాటకు ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు.

ఇక డబ్బు. లక్షా అరవై వేలు అని ఒక్క చోట విన్నారు, అక్కడే ఆగిపోయారు. రేషన్ కార్డు ఉందని రాశారు కదా, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చుంటారు, ఎంఆర్ఐ రిపోర్టు, ఆధార్ తీసుకుని వెళ్లి ఈ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో, ఎంతవరకు వర్తిస్తుందో అడగండి. ప్రైవేటులో అడ్వాన్స్ కట్టకముందే ఈ పని చేయండి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఎముకల విభాగంలో రెండో అభిప్రాయం తీసుకోండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి మీ ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆపరేషన్‌కు ముందే అడగడం మంచిది. దెబ్బ తగిలింది టోర్నమెంట్‌లో కాబట్టి నిర్వాహకులు పిల్లలకు ఇన్సూరెన్స్ ఏమైనా చేయించారా అన్నది కూడా కనుక్కోండి. మీరు డ్వాక్రా గ్రూపులో ఉంటే అక్కడి లోన్ వడ్డీ బయటి వడ్డీ కన్నా చాలా నయం. ఇవన్నీ తిరిగాక మీ చేతి నుంచి పడాల్సింది ఎంతో తేలుతుంది, ఆ 70 వేల చీటీ డబ్బు దానికి ఉంచండి. మిగిలితే ఫిజియోథెరపీకి.

అంటే మిషన్‌కు వద్దంటున్నాను. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ఆలోచనలో మంచి భాగం కూడా ఉంది, దాన్ని పారేయడం నాకు ఇష్టం లేదు.

మూడు కిలోల పొడితో డికాషన్ తీశాక ఎండబెడితే రెండు కిలోలకు అటూ ఇటూగా పొడి పిప్పి మిగులుతుంది అనుకుందాం. వంద గ్రాముల సబ్బులో పిప్పి పట్టేది ఐదు గ్రాములు, అంతకన్నా ఎక్కువ వేస్తే సబ్బు గరుకై విరిగిపోతుంది. అంటే మీ ఒక్క రోజు పిప్పికే నాలుగు వందల సబ్బులు చేయాలి. రోజుకు నాలుగు వందల సబ్బులు ఎవరు కొంటారు? సబ్బులో మిగతా 95 గ్రాములు నూనె, కాస్టిక్ సోడా, సువాసన, ఇవన్నీ కొనాల్సినవే. కొబ్బరినూనె ధర గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ముడిసరుకు ఊరికే దొరుకుతోంది అన్న మాట సబ్బు విషయంలో దాదాపు ఏమీ కలిసిరాదు. పైగా ఒంటికి రాసుకునే సబ్బు, స్క్రబ్ అమ్మాలంటే అవి కాస్మెటిక్స్ కిందికి వస్తాయి, రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ విభాగం లైసెన్స్ కావాలి. ఆ కంపెనీ వాళ్లు మీకు ఈ మాట చెప్పారా? ఇంట్లో చిన్నగా సబ్బు చేసుకోవడానికి అసలు మిషనే అక్కర్లేదు, సోప్ బేస్ కరిగించి పిప్పి కలిపి అచ్చుల్లో పోస్తే సరి.

సరుకంతా మేమే కొంటాం అనే స్కీములు మన దగ్గర కొత్త కాదు. ఒత్తుల మిషన్లు, పేపర్ ప్లేట్లు, అగరబత్తీలు, పేరు మారుతుంది, పద్ధతి ఒకటే. మొదటి నెల కొంటారు, రెండో నెల క్వాలిటీ లేదంటారు, మూడో నెల ఫోన్ ఎత్తరు. ఈ కంపెనీ అలాంటిదే అని నేను చెప్పలేను. ఒక పరీక్ష పెట్టండి: మిషన్ తర్వాత కొంటాను, ముందు చేత్తో చేసిన యాభై సబ్బులు డబ్బిచ్చి కొనండి అని అడగండి. వాళ్లు ఏమంటారో దాన్నిబట్టి మీకే తెలిసిపోతుంది.

మరి పిప్పిని ఏం చేయాలి? ఎక్కువ పరిమాణంలో ఖర్చయ్యేది మొక్కలకే. పిప్పిలో నత్రజని సుమారు రెండు శాతం ఉంటుంది. కానీ పచ్చిగా మొక్క మొదట్లో పోయకూడదు, కెఫీన్ వల్ల నారు ఎదగదు, పైన అట్టకట్టి నీళ్లు దిగవు. ఎండుటాకులు, పేడతో కలిపి, మొత్తంలో పిప్పి ఐదో వంతు దాటకుండా కుప్ప వేసి, తడి ఆరకుండా చూస్తే రెండు మూడు నెలల్లో మట్టి వాసన వచ్చే కంపోస్ట్ అవుతుంది. మిద్దె తోటల వాళ్లు, నర్సరీల వాళ్లు దీన్ని కొంటారు. మీ కౌంటర్ దగ్గరే కిలో ప్యాకెట్లు నాలుగు పెట్టి చూడండి. ఎరువు అని లేబుల్ వేసి అమ్మితే ఎరువుల అమ్మకాన్ని నియంత్రించే ఫర్టిలైజర్ కంట్రోల్ ఆర్డర్ వర్తిస్తుంది, కుండీల మట్టి మిశ్రమంగా ఎలా అమ్మవచ్చో వ్యవసాయ ఆఫీసులో ఒక మాట అడగండి.

మీ జిల్లాకు ఒక వరం ఉంది, ఎండ. తడి పిప్పిని రెండు మూడు రోజులు అలాగే ఉంచితే బూజు పడుతుంది, దీన్ని వ్యాపారంగా మార్చాలనుకునే ప్రతిచోటా అసలు తలనొప్పి ఎండబెట్టడమే. లండన్‌లో బయో-బీన్ అని ఒక కంపెనీ 2013లో మొదలై పెద్ద పెద్ద కాఫీ షాపుల పిప్పి సేకరించి పొయ్యిలో వేసే దుంగలు చేసి పదేళ్లు నడిపి 2023లో మూతపడింది, మిషన్లు, పెట్టుబడి ఉన్నా అంత తేలిక కాదని చెప్పడానికే ఇది. మీకైతే మేడ మీద పల్చగా పరిస్తే వేసవిలో ఒక్క రోజులో ఆరిపోతుంది. అలా ఆరినదాన్ని గుడ్డ సంచుల్లో కట్టి ఫ్రిజ్‌లో, చెప్పుల స్టాండులో వాసన పట్టేయడానికి అమ్మవచ్చు. మాడిన గిన్నెలు తోమే పొడిగా కూడా బాగుంటుంది, నాన్‌స్టిక్ మీద వాడొద్దని, సింకులో ఎక్కువగా పోయొద్దని చెప్పి అమ్మండి. దోమలు పోతాయి, చర్మం తెల్లబడుతుంది లాంటి మాటలు ప్యాకెట్ మీద వేయకండి. పుట్టగొడుగుల గురించి అడిగారు, పిప్పి మీద ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెరుగుతాయి, నిజమే, కానీ మీ వేసవి వేడికి గది చల్లబరిచే ఖర్చు మోయలేరు, చలికాలంలో సరదాకు ప్రయత్నించండి.

ఇదంతా ఐదారు వందలతో మొదలుపెట్టగలిగినది. నెలకు వెయ్యో రెండు వేలో వస్తే ఫిజియోథెరపీకి వెళ్లొచ్చే ఆటో ఖర్చు వస్తుంది, అంతవరకే ఆశ పెట్టుకోండి. ఆరు నెలలు నడిచి, అడిగేవాళ్లు పెరిగి, మీ పిప్పి చాలక పక్క హోటళ్ల నుంచి తెచ్చుకోవాల్సి వస్తే అప్పుడు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే నమోదు, అది ఉచితం, ఎవరికీ డబ్బివ్వకండి), ముద్ర పథకంలో శిశు లోన్ కింద 50 వేల దాకా ఆలోచించవచ్చు.

అమ్మాయి సాయంత్రాలు సబ్బులు చేస్తుంది అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీరు ప్రేమతోనే రాశారు. కానీ ఆ పిల్లకు అది "నా కాలి కోసం ఇంట్లో అప్పయింది, నేను కష్టపడి తీర్చాలి" అన్నట్టే వినపడుతుంది. సబ్బులు అమ్ముడుపోకపోతే ఆపరేషన్ ఆగింది తన వల్లే అనుకుంటుంది. పదో తరగతి, ఫిజియోథెరపీ, ఈ రెండే తనకు ఇప్పుడు ఒక పూట ఉద్యోగమంత పని. తనంతట తాను వచ్చి కంపోస్ట్ కుప్ప తిరగేస్తానంటే చేయనివ్వండి, డబ్బు మాట మాత్రం కలపకండి. "ఆడనివ్వకపోతే చదవను" అన్నదానికి కోపం తెచ్చుకోకండి, జట్టు, స్నేహితురాళ్లు, రోజూ సాయంత్రం వెళ్లే చోటు అన్నీ ఒక్కసారే పోయాయి తనకు. ఆడకపోయినా ప్రాక్టీసుకు వెళ్లి కూర్చోనివ్వండి, స్కోరు రాయనివ్వండి. తలుపు వేసుకోవడం, అన్నం మానేయడం రోజుల తరబడి సాగితే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

చిన్నమ్మాయి కూడా అదే గ్రౌండుకు వెళ్తోందని చివర్లో రాశారు. తనను ఆపకండి. ఫిఫా వాళ్లు తయారు చేసిన 11+ అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు పడుతుంది, పరికరాలు ఏమీ అక్కర్లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల మీద దాన్ని పరీక్షించి 2008లో ఫలితాలు అచ్చు వేశారు, తీవ్రమైన దెబ్బలు బాగా తగ్గాయి. వారానికి కనీసం రెండుసార్లు, సరైన పద్ధతిలో చేస్తేనే ఫలితం. మరీ చిన్న పిల్లలకు వేరేగా ఒకటుంది. రిపోర్టు జిరాక్స్ ఇవ్వడానికి కోచ్ సార్ దగ్గరకు ఎలాగూ వెళ్తున్నారు కదా, ఇదీ అడగండి, మీ అమ్మాయే దగ్గరుండి చిన్నపిల్లలతో చేయించగలదు.

ఆరోగ్యమిత్ర ఏం చెప్పారో, ఎంఆర్ఐ రిపోర్టులో మెనిస్కస్ గురించి ఉన్న లైను ఏమిటో ఉన్నదున్నట్టు రాసి పంపండి, రెండో డాక్టర్‌ని ఏం అడగాలో ఇంకాస్త వివరంగా చూద్దాం.